వంతెన దాటని పూతరేకు

"గాలి నింపి అమ్ముతావేంట్రా? బిగించి మడువమ్మాయ్," అంది అత్తయ్య, కుండ మీద నుంచి చూపు తిప్పకుండా.

"బిగిస్తే పెట్టె వెలితిగా ఉంటదమ్మా. పెళ్ళివారు మూత తియ్యగానే నిండుగా కనబడాలి. నువ్వు వదులుగానే మడువు," అన్నారు మా ఆయన నాతో.

"మూత తీసి చూసుకోడానికేనా, తినేదేం లేదా?"

"నువ్వు రేకు చూసుకో. పెట్టె సంగతి నేను చూసుకుంటాను."

"నీ పెట్టెలో పడేది నా రేకే కదరా సూరిబాబూ."

ఈ మాటలు పొద్దున పొయ్యి అంటించినప్పుడు మొదలయ్యాయి. చద్దన్నాల వేళ కాసేపు ఆగి, మళ్ళీ పుంజుకున్నాయి. మా ఇంట్లో పూతరేకులు మడిచేది నేను. మడత ఎలా ఉండాలో తేల్చేది మాత్రం తల్లీకొడుకులు. అందుకని నేను ఒకటి బిగించీ ఒకటి వదిలీ మడుస్తూ వచ్చాను. ఎవరు వంగి చూసినా వాళ్ళకి కావలసింది ఒకటైనా కనబడుతుంది. కాపురంలో నేర్చుకున్న విద్య ఇది.

మా అత్తయ్య వెంకాయమ్మగారు బోర్లించిన కుండ ముందు కూర్చుంటే ఎవరినీ లెక్కచెయ్యదు. కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతూ ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్కసారి అలా లాగుతుంది. చెయ్యి పక్కకి తీసేసరికి రేకు తయారు. అవతలి మనిషి ముఖం కనబడేటంత పల్చన. దాని మీద నెయ్యి చిలకరించి, బెల్లం పొడి చల్లి మడవడమే నా వంతు.

కాలవ వంతెన అవతల పట్నంలో, కలప అడితి కామేశ్వర్రావు గారి అమ్మాయి పెళ్ళి ఎల్లుండి. ఎనిమిది వందల పూతరేకులు కావాలన్నారు. పట్నం నుంచి మాకు వచ్చిన మొదటి పెద్ద పెళ్ళి ఇది. మా పూతరేకు ఆ విస్తళ్ళలో పడితే మిగతా పెళ్ళిళ్ళూ వస్తాయి. పడకపోతే ఈ పొయ్యి ఆర్పేసి జీళ్ళ వ్యాపారం పెడతానని మా ఆయన ఎప్పటినుంచో అంటున్నారు. జీళ్ళకి కుండ అక్కర్లేదు. అత్తయ్యా అక్కర్లేదు. రెండో ముక్క ఆయన పైకి అనలేదు గాని, అత్తయ్యకి వినబడింది.

సరిగ్గా అలాంటి సమయంలో సాంద్రతా పరిరక్షణాధికారి త్రివిక్రమరావు గారు, ఒక గుమాస్తా, ఒక తక్కెడ మా గుమ్మంలో దిగారు.

ఈ సాంద్రత గొడవ ఎలా మొదలైందంటే, ఎక్కడో ఒక పెద్దమనిషి హోటల్లో పూరీ తెప్పించుకున్నాడట. బాగా పొంగిన పూరీ. వేలితో పొడిస్తే లోపల ఏమీ లేదు. ఇంత పెద్ద వస్తువులో ఏమీ లేకపోవడం ఏమిటని ఆయన పైవాళ్ళని అడిగాడు. పైవాళ్ళు ఒక సంఘం వేశారు. సంఘం ఏడాది పాటు పూరీలు తిని, లోపల ఏమీ లేదని ధ్రువీకరించింది. దాంతో 'గట్టి సరుకు, గట్టి సమాజం' అనే పథకం వచ్చింది. తినే వస్తువు ఏదైనా సరే, ఘన సెంటీమీటరుకి కనీసం ఒక గ్రాము తూగాలి. తూగకపోతే అది గాలి కల్తీ.

అప్పటినుంచి మా ఊరి హోటల్లో పూరీని పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం పెట్టి, దాని మీద కూర్చుని వడ్డిస్తున్నారు. బూందీ లడ్డూని బండరాయిలా నొక్కుతున్నారు. మరమరాల బండి అతను మరమరాలు మానేసి గులకరాళ్ళు పెట్టుకున్నాడు. అవి ఎవరూ తినరు కాబట్టి ధ్రువపత్రం అక్కర్లేదు. అయినా ఆయన తీసుకున్నాడు, పరీక్షలో అంత బాగా నెగ్గిన వస్తువు జిల్లాలో ఇంకోటి లేదని.

"ఆందోళన చెందవలసిన పని లేదమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు, అరుగు మీద తక్కెడ పెట్టిస్తూ. "ఇది కేవలం ఒక భాగహారము. వస్తువు యొక్క ద్రవ్యరాశిని దాని ఘనపరిమాణముతో భాగించగా వచ్చునది సాంద్రత. ఒకటి కన్నా తక్కువ వచ్చినచో, లోటు ఉన్న మేరకు అది గాలి. గాలిని విక్రయించుట నేరము."

"మేం గాలి అమ్మట్లేదు బాబూ. అది దాంతో ఊరికే వస్తది," అంది అత్తయ్య.

"ఉచిత పంపిణీకి వేరే అనుమతి ఉండాలమ్మా."

ఆయన పళ్ళెంలోంచి ఒక పూతరేకు తీశారు. నా ఖర్మ కొద్దీ అది వదులు మడత. తక్కెడలో ఇరవై నాలుగు గ్రాములు తూగింది. గుమాస్తా స్కేలు పెట్టి కొలిచాడు. పొడవు పన్నెండు సెంటీమీటర్లు, వెడల్పు అయిదు, మందం రెండు. మూడూ గుణిస్తే నూట ఇరవై. ఇరవై నాలుగుని నూట ఇరవైతో భాగిస్తే పాయింటు రెండు.

"పాయింటు రెండు," అన్నారు త్రివిక్రమరావు గారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. "ఇంత తక్కువ నా సర్వీసులో పీచుమిఠాయికి మాత్రమే చూచితిని. ధ్రువపత్రము లేనిదే సరుకు వంతెన దాటరాదు."

అత్తయ్య మా ఆయన వైపు తిరిగింది. "నిండుగా ఉంది కదరా నాయనా?"

మా ఆయన లోపలికెళ్ళి రుబ్బురోలు పొత్రం తెచ్చారు. పూతరేకుల మీద చెక్క వేసి, చెక్క మీద పొత్రం పెట్టి, అదీ చాలక ఆయనే ఎక్కి నిలబడ్డారు. మా మరిది గణపతి, వాళ్ళ అన్నగారు పడిపోకుండా భుజం పట్టుకున్నాడు. కాసేపటికి దిగి చూస్తే, పూతరేకు మందం అర సెంటీమీటరుకి దిగింది. బరువు అదే ఇరవై నాలుగు. పరిమాణం ముప్ఫై. గుమాస్తా భాగించాడు.

"పాయింటు ఎనిమిది సార్."

"అభినందనీయము. కాని చాలదు. ఇంకొంచెం బరువైన మనిషి దొరుకునా?"

అత్తయ్య లేచి వచ్చి ఆ వస్తువుని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. "విస్తట్లో వేస్తే పెళ్ళికొడుకు దీంతో విసురుకుంటాడు," అని దాన్ని పక్కన పెట్టి, "బాబూ, వచ్చీ రాగానే కొలిచేసి రాసుకుపోవడమేనా, మీ చట్టంలో ఇంకే దారీ లేదా?" అని అడిగింది.

గుమాస్తా మంచివాడు. చట్టం తిరగేసి, "ఉందండి. నిర్దిష్ట ఆకారం లేని వస్తువుల్ని స్కేలుతో కొలవకూడదండి. నీళ్ళలో ముంచాలి. నీళ్ళు ఎంత పైకొస్తే అంతే పరిమాణం," అన్నాడు.

"మరి నా మడతకి ఆకారం ఏముందండీ?" అన్నాను నేను. పళ్ళెం చూపించాను. ఒకటి బిగువు, ఒకటి వదులు, ఏ రెండూ ఒకేలా లేవు. త్రివిక్రమరావు గారు వాటిని వరసగా చూసి, చట్టాన్ని ఇంకోసారి చూసి, "ఆకారములో ఏకరూపత లేదు. ముంచవలసినదే," అని ఒప్పుకున్నారు.

ముంచడానికి కొలత గీతలున్న గాజు గొట్టం కావాలి. వాళ్ళ శాఖ గొట్టాల కోసం రాస్తే, పంపేవాళ్ళు డ్రమ్ములు పంపారట. జీపు వెనకాల నుంచి తారు డ్రమ్ము అంత డ్రమ్ము ఒకటి దింపారు. గణపతి బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు మోసి నింపాడు. గుమాస్తా లోపలి అంచున సుద్దముక్కతో గీత గీశాడు. త్రివిక్రమరావు గారు పూతరేకుని రెండు వేళ్ళతో పట్టుకుని, నిమజ్జనం చేసినట్టు నీళ్ళలో వదిలారు.

అది ఒక్క క్షణం నీళ్ళ మీద విప్పారింది. తర్వాత లేదు.

అందరం డ్రమ్ములోకి వంగి చూశాం. సుద్దగీత దగ్గర నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. త్రివిక్రమరావు గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దాకా ముంచి, అడుగంతా వెతికారు.

"పదార్థం లేదు సార్," అన్నాడు గుమాస్తా.

"పదార్థము లేదనుటకు వీలు లేదు. తూకములో ఉన్నది. ఇరవై నాలుగు గ్రాములు. రాసుకో. నీటిమట్టములో పెరుగుదల: సున్న. కావున పరిమాణము: సున్న. ఇప్పుడు భాగించు."

గుమాస్తా లెక్కల యంత్రం నొక్కాడు. అది ఒక అడ్డదిడ్డమైన గుర్తు చూపించి ఊరుకుంది. "సున్నతో భాగించకూడదు సార్. దానికి అర్థం లేదని మా లెక్కల మాస్టారు చెప్పేవారు."

"అర్థము లేదని రాయుటకు కాలమ్ ఉన్నదా?"

"లేదు సార్."

"అయితే ఆ మాట అనకు."

పై ఆఫీసుకి ఫోను చేశారు. పై ఆఫీసువాళ్ళు ఇంకా పైకి చేశారు. మా అరుగు మీద టీలు రెండు విడతలు తిరిగాక జవాబు వచ్చింది. ఏ సంఖ్యనైనా చిన్నదానితో భాగించే కొద్దీ ఫలితం పెద్దదవుతుంది కాబట్టి, సున్నతో భాగిస్తే అన్నిటికన్నా పెద్దది రావాలి. సాంద్రత: అనంతం. కనీస ప్రమాణం: ఒకటి. ఉత్తీర్ణం.

త్రివిక్రమరావు గారు ధ్రువపత్రం మీద సంతకం చేస్తూ, "వెంకాయమ్మగారూ, తమది జిల్లాలోకెల్లా గట్టి సరుకు," అన్నారు. గులకరాళ్ళాయన ఆ సాయంత్రం కబురు విని బండి తీసుకుని ఇంటికెళ్ళిపోయాడట.

మర్నాడు పొద్దున గణపతి మొదటి విడత పెట్టెలు ఆటోలో వేసుకుని బయల్దేరాడు. తొమ్మిది కాకుండానే పెట్టెలతో సహా తిరిగొచ్చాడు.

"వంతెన మీదకి పోనివ్వట్లేదు వదినా," అన్నాడు, ఆటో దిగకుండానే.

వంతెన దగ్గర భార నియంత్రణాధికారి పరబ్రహ్మం గారని ఒకాయన ఉంటారు. పాత వంతెన కాబట్టి పది టన్నులకి మించి ఎక్కకూడదు. ఆయన ధ్రువపత్రం చూశారు. పెట్టె కొలిచారు. సాంద్రతని పరిమాణంతో గుణిస్తే బరువు రావాలి కాబట్టి గుణించారు. అనంతం వచ్చింది.

"తూచి చూడండి బాబూ, ఆటోతో కలిపి అయిదొందల కేజీలు కూడా లేదు అన్నాను. వే బ్రిడ్జి మీద పెట్టారు. నాలుగొందల ఎనబై చూపించింది. ఏమన్నాడో తెలుసా? ఈ యంత్రం నలభై టన్నుల వరకే తూచగలదు, అంతకు మించినదాన్ని తూచలేక తికమకపడుతోంది అన్నాడు."

"ఎత్తి చూపించకపోయావా?" అన్నారు మా ఆయన.

"ఒంటి చేత్తో ఎత్తాను అన్నయ్యా. తమ దేహదారుఢ్యం ప్రశంసనీయము, కాని అది వంతెనకు వర్తించదు అన్నాడు."

మా ఆయన అప్పటికప్పుడు త్రివిక్రమరావు గారి దగ్గరికి పరిగెత్తి, సాంద్రత కాస్త తగ్గించి రాయమని అడిగారు. ఎంతో అక్కర్లేదు, ఒకటో ఒకటిన్నరో చాలు. ఆయన నొచ్చుకున్నారు. ప్రయోగంలో వచ్చినదాన్ని మార్చడం కుదరదు. రద్దు చేయవచ్చు, కాని రద్దు చేస్తే పాత పాయింటు రెండు మిగులుతుంది, అప్పుడు కేసు. ఇంత సాంద్రమైన పదార్థం జనావాసాల మధ్య ఉండడం మీదే తనకిప్పుడు దిగులుగా ఉందని, నిపుణుణ్ణి తీసుకొస్తానని చెప్పి, వెనకే జీపులో వచ్చేశారు.

ఆ నిపుణుడు గడప దగ్గరే ఆగిపోయాడు. అంతులేని సాంద్రత ఉన్న వస్తువులు ఆకాశంలో తప్ప ఎక్కడా ఉండవట. అవి వెలుతురుని కూడా మింగేస్తాయట. టార్చిలైటు తీసి, దూరం నుంచే పూతరేకు మీద వేశాడు. వెలుతురు రేకులోంచి వెళ్ళి అవతల కూర్చున్న మా అత్తయ్య ముక్కు మీద పడింది.

"ఇంకా మింగడం మొదలుపెట్టలేదు," అని రాసుకున్నాడు.

"అది మింగదు నాయనా. మనమే దాన్ని మింగాలి," అంది అత్తయ్య. "తిని చూడు."

పరీక్షించకుండా రాయడం బాగుండదని నిపుణుడు ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి ఇంకోటి తిన్నాడు. శాఖాపరంగా తానూ ఏకీభవించాలి కాబట్టి త్రివిక్రమరావు గారు అయిదు తిన్నారు. గుమాస్తా మొహమాటపడి ఒకటే తిన్నాడు. తిన్నాక ముగ్గురూ వేళ్ళు నాక్కున్నారు. అధికారులు అలా వేళ్ళు నాక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఇల్లు ప్రమాదకరమైనదేనని రాసుకుని జీపెక్కి వెళ్ళారు.

అరగంటలో తిరిగి వచ్చారు.

వెనకాలే స్కూటరు మీద పరబ్రహ్మం గారు కూడా వచ్చారు. త్రివిక్రమరావు గారి మీసానికి నెయ్యి మెరుస్తోంది. గుమాస్తా చొక్కా మీద బెల్లం పొడి ఉంది. వంతెన దగ్గర ఆ రెండూ ఎవరి కంట పడాలో వారి కంటే పడ్డాయి.

"ఈ ముగ్గురి యందును అనంత సాంద్రత గల పదార్థము ఉన్నది," అన్నారు పరబ్రహ్మం గారు మాతో, మేమే వాళ్ళని దాచిపెట్టినట్టు. "వంతెన ఎక్కుటకు వీలు లేదు. వారికి వసతి ఏర్పాటు చేయవలెను."

"నేను తిన్నది అయిదే కదా," అన్నారు త్రివిక్రమరావు గారు నీరసంగా.

"ఒకటి తిన్నా అయిదు తిన్నా అనంతమే సార్. తేడా రాదు," అన్నాడు గుమాస్తా. పళ్ళెం వైపు చూసి, "ముందే తోచి ఉంటే నేనూ అయిదు తినేవాణ్ణి," అన్నాడు.

మధ్యాహ్నం అయింది. ఇంటికొచ్చినవాళ్ళని ఆకలితో కూర్చోబెట్టలేం కదా. అత్తయ్య దోసకాయ పప్పు, వంకాయ పులుసుపచ్చడి చేసి నలుగురికీ వడ్డించింది. త్రివిక్రమరావు గారికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. "లేదే, ఊళ్ళోనే ఉన్నాను. రావడానికి లేదు. బరువెక్కాను," అన్నారు. అవతలి నుంచి వాళ్ళావిడ ఏమందో గాని, ఫోను పెట్టేశాక పప్పు మళ్ళీ అడగలేదు.

భోజనాలయ్యాక నలుగురూ అరుగు మీద గుండ్రంగా కూర్చుని చట్టం తెరిచారు. ఒక అధికారి ఇంకో అధికారిని వంతెన దాటించాలంటే దారి దొరకకుండా పోదు. నేను ఆకులు తీసి, అరుగు కడిగి, చీకటి వంటగదిలో అత్తయ్య పక్కన కూర్చునేసరికి వాళ్ళకి దొరికింది. త్రివిక్రమరావు గారు పైకి చదివారు. అందరం విన్నాం.

"సదరు పదార్థము, కుండపై పిండి పడిన క్షణము మొదలుకొని నోటియందు పడిన క్షణము వరకు మాత్రమే పూతరేకుగా పరిగణించబడును. తత్పూర్వము అది బియ్యము, బెల్లము మరియు నెయ్యి. తదనంతరము అది పౌరుడు."

పరబ్రహ్మం గారు రెండుసార్లు చదివించుకుని, బాగుందన్నారు. బియ్యానికి, బెల్లానికి ఎప్పుడో ధ్రువపత్రాలున్నాయి. నెయ్యి ద్రవం కాబట్టి వేరే శాఖది, ఆ శాఖ ఇంకా పెట్టలేదు. పౌరులకి సాంద్రత చూడరు. నలుగురూ ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుని, పౌరులుగా వంతెన దాటి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో మాత్రం ఎనిమిది పెట్టెలు అరుగు మీద అలాగే ఉన్నాయి.

"ఇంక చాలమ్మా," అన్నారు మా ఆయన. "కామేశ్వర్రావు గారికి ఫోన్ చేసి మనవల్ల కాదని చెప్పేస్తాను. వాళ్ళు వేరే ఏదన్నా చూసుకుంటారు. ఎల్లుండి నుంచి జీళ్ళు. నీళ్ళలో వేస్తే మునుగుతాయి, ఒక పట్టాన కరగవు, ఎవరూ వచ్చి అడగరు. నీకూ పొగ తప్పుద్ది. ఈ వయసులో ఇంకా ఎన్నాళ్ళు కూర్చుంటావ్ దాని ముందు?"

ప్రేమగానే అన్నారు. కోపంగా అని ఉంటే అత్తయ్య అప్పుడే జవాబు చెప్పేది. ఆవిడ పొయ్యి దగ్గరికెళ్ళి, చల్లారిన కుండని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఒక్కో కుండ చేతికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. ఎక్కడ ఎంత వేడి పట్టుకుంటుందో ఆవిడ వేళ్ళకి తెలుసు, నాకు ఇంకా తెలియదు. రోజూ తుడిచినదానికన్నా చాలాసేపు తుడిచింది. నేను బెల్లం పొడి డబ్బాలకి మూతలు పెడుతూ ఆవిడనే చూస్తున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టాక, "సూరిబాబూ, గణపతీ, ఇలా రండ్రా. నువ్వూ రా అమ్మాయ్," అని పిలిచింది.

వచ్చి కూర్చున్నాం. అత్తయ్య మామూలుగా మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. ఆ వేళ పక్కనున్న మాకు మాత్రమే వినబడేలా మాట్లాడింది.

"ఆ పెట్టెలు వీధిలో వాళ్ళకి పంచిపెట్టండి. పిల్లలున్న ఇళ్ళకి ముందు ఇవ్వండి. రేపు తెల్లారగట్ల నానిన బియ్యం, బెల్లం, నెయ్యి ఆటోలో ఎక్కించండి. అవి పూతరేకులు కావు, బియ్యం బెల్లమే. వాళ్ళే చదివారు కదా. కొబ్బరాకు అక్కడా దొరుకుద్ది. పొయ్యి పెళ్ళివారి పెరట్లో పెడదాం. పిండి అక్కడే పడుద్ది కుండ మీద, మడతా అక్కడే, తినడమూ అక్కడే. కామేశ్వర్రావు గారికి ఫోన్ చెయ్యి సూరిబాబూ, పెరట్లో కాస్త జాగా చూపించమని చెప్పు. ఇక నుంచి ఏ పెళ్ళయినా అంతే. పిలిచినచోటికి మనమే పోతాం."

మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని ఆవిడ వైపు తిరిగారు. "నువ్వా? ఆటోలోనా?" అన్నారు. పెళ్ళయి వచ్చాక అత్తయ్య ఆ వంతెన ఎప్పుడూ దాటలేదు. ఆసుపత్రికి కూడా వెళ్ళకుండా డాక్టరునే ఇంటికి రప్పించింది.

"మరి కుండనెవరు పట్టుకుంటారు?" అంది అత్తయ్య. "నా ఒళ్ళో పెట్టుకుంటాను. గణపతీ, గతుకులు చూసి తోలు."